సైకిలు స్వాధీనమగు విద్య

సైకిలు తొక్కుట అందరికిని వచ్చిన విద్యయే యన్న నమ్మకము మనలో ఎంత గాఢముగా నాటుకొనియున్నదో, ఆ విద్యలో పాఠము చెప్పదగినది ఇంకేదియు మిగిలియుండదన్న నమ్మకమును అంతే గాఢముగా నాటుకొనియున్నది. బాల్యమున బారు క్రిందినుండి కాలు దూర్చి తొక్కి, మోకాళ్ళు గీరుకొని, గంటకింతయని అద్దెకు దెచ్చిన సైకిలు మీద వీథి చివరివరకు పోయి మరలివచ్చిన నాటితో ఆ చదువు ముగిసినదని మన భావము. గడచిన దశాబ్దిన్నర కాలములో హైదరాబాదు, విశాఖపట్నము, విజయవాడ వంటి నగరములలో తెల్లవారకమునుపే లేచి, సన్నని టైర్లును వంపు హ్యాండిలును గల రోడ్డు సైకిళ్ళపై యాబది నూరు కిలోమీటర్లు పోయివచ్చువారి సంఖ్య పెరిగినది. పారిస్ నగరపు ఒడాక్స్ సంస్థ నియమముల ననుసరించి 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలోను, 600 కిలోమీటర్లను నలువది గంటలలోను ముగింపవలసిన దీర్ఘయాత్రలు తెలుగునాట కూడ జరుగుచున్నవి. ఈ వర్గమువారి సంభాషణలో గుండె వేగమును గురించి, కాళ్ళ బలమును గురించి, చట్రపు బరువును గురించి విస్తారమైన చర్చ వినవచ్చును. మలుపులో చూపు ఎచట నిలుపవలెను, ముందు బ్రేకు ఎంతవరకు పట్టవలెను, గుంత మీదికి పోక తప్పనప్పుడు దేహమును ఎట్లుంచవలెను అన్న మాట మాత్రము అరుదుగా వినవచ్చును. ఈ లోటును పూడ్చుకొనవలసిన యవసరమును, పూడ్చుకొను మార్గములను సమగ్రముగా పరిశీలించుటయే ఈ వ్యాసమునందలి యుద్దేశము.

ఇంతవరకు వెలువడిన అభిప్రాయములను గుదిగ్రుచ్చి చూచినచో మూడు వాదములు కనబడును. తొక్కగా తొక్కగా స్వాధీనము దానంతట అదియే అలవడునని మొదటివారు. దానిని అంగములుగా విడదీసి, ఖాళీ మైదానములో, తెలిసినవారి యెదుట, మెల్లని వేగమునుండి అభ్యసించిన గాని పట్టుబడదని రెండవవారు. వెడల్పు టైర్లు, డిస్కు బ్రేకులు వచ్చిన పిమ్మట మనుష్యుని లోపమును యంత్రమే సరిదిద్దునని మూడవవారు. మొదటి వాదములో కొంత నిజమున్నది, మూడవదానిలో అంతకంటె తక్కువ నిజమున్నది. నేను నిస్సంకోచముగా రెండవ పక్షమునకు చెందినవాడను. బలము వేరు, స్వాధీనము వేరు. బలము పెరిగినకొలది వేగము పెరుగును, వేగము పెరిగినకొలది స్వాధీనలోపము ప్రమాదకరమగును. కనుక స్వాధీనము బలమును వెంబడించి వచ్చునది కాదు, దానికంటె ముందు రావలసినది.

అసలు సైకిలు ఎందుకు నిలుచునన్న ప్రశ్నతో ఆరంభించుట అప్రస్తుతము కాదు. 1817 జూన్ 12వ తేదీన కార్ల్ ఫాన్ డ్రైస్ అను జర్మనుడు పెడళ్ళు లేని కొయ్యయంత్రముపై కూర్చుండి, పాదములతో నేలను తన్నుకొనుచు మాన్‌హైము నగరమునుండి బయలుదేరిన నాడే, ఒకదాని వెనుక నొకటిగా నమర్చిన రెండు చక్రములపై మనుష్యుడు నిలువగలడని లోకమునకు తెలిసినది. ఎందువలన నిలుచుచున్నాడో తెలియుటకు మాత్రము శతాబ్దము చాలలేదు. 1869లో స్కాట్లండు దేశీయుడైన రాంకిన్, ఎడమకు తిరుగదలచిన వాడు ముందుగా క్షణకాలము హ్యాండిలును కుడికి నెట్టవలసియుండునన్న విశేషమును వివరించెను. 1899లో కేంబ్రిడ్జిలో చదువుచుండిన విపుల్ అను యువకుడు సైకిలు గమనమునకు గణితసమీకరణములు కట్టెను. అటుపిమ్మట బహుకాలము, తిరుగుచున్న చక్రములకుండు బొంగరపు గుణమే సైకిలును నిలుపుచున్నదన్న వివరణ ప్రచారములో నుండెను. 1970లో డేవిడ్ జోన్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ముందు చక్రము ప్రక్కనే వ్యతిరేకదిశలో తిరుగు మరియొక చక్రమును బిగించి, ఆ బొంగరపు గుణమును రద్దుచేసి, అట్టి సైకిలును సులభముగానే తొక్కి చూపెను. 2011లో డెల్ఫ్టు, కార్నెల్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఆ గుణముగాని, ముందు చక్రము హ్యాండిలు ఇరుసు వెనుక ఈడ్వబడు గుణముగాని లేకయే తనంతట తాను నిలుచు యంత్రమును నిర్మించి, ప్రశ్న ఇంకను లోతైనదని నిరూపించిరి. ఈ పరిశోధనల నన్నిటిని దాటి మిగులు సత్య మొక్కటి కలదు: సైకిలు ఏ వైపునకు ఒరుగునో ఆ వైపునకే ముందు చక్రము తిరిగి, పడబోవు భారము క్రిందికి చక్రములు మరల చేరుటవలననే అది నిలుచుచున్నది.

ఈ సత్యము శాస్త్రజ్ఞులకంటె ముందు దెబ్బలు తిన్నవారికి తెలిసినది. మార్క్ ట్వేన్ పెద్దవయసులో ఎత్తుచక్రపు సైకిలు నేర్చుకొన్న వృత్తాంతమును వ్రాయుచు, పడబోవు వైపునకే చక్రమును త్రిప్పవలెనన్న నియమమునకు బుద్ధి ఎంతగా ఎదురుతిరుగునో వర్ణించెను. విమానము కనిపెట్టకముందు సైకిళ్ళు చేసి అమ్మిన రైట్ సోదరులలో విల్బర్, అనేకులైన సైకిలు సవారులను మీరు ఎడమకు ఎట్లు తిరుగుదురని అడిగి చూచి, ముందు కుడికి త్రిప్పుచున్నామన్న సంగతి వారిలో ఒక్కరును ఎరుగకుండుటకు ఆశ్చర్యపడెను. దేహమునకు తెలిసినది మనస్సునకు తెలియకుండుటకు ఇంతకంటె చక్కని దృష్టాంతము లేదు. ఇటీవల, అనగా 2015లో, అమెరికాకు చెందిన ఇంజినీరు డెస్టిన్ శాండ్లిన్ హ్యాండిలును కుడికి త్రిప్పిన చక్రము ఎడమకు తిరుగునట్లు మార్చిన సైకిలును నేర్చుకొనుటకు ఎనిమిది మాసములు పట్టినదనియు, చిన్నవాడైన తన కుమారునికి రెండు వారములే చాలినదనియు వెల్లడించెను. సూత్రమును తెలిసికొనుట వేరు, దానిని చేతులు గ్రహించుట వేరు. కనుకనే ఈ విద్యలో పుస్తకపఠనముకంటె మైదానమునందలి అరగంట మేలు. నేను వ్రాయుచున్నదియు ఆ అరగంటకు దారిచూపుటకే.

సైకిలు తన్ను తాను సరిదిద్దుకొనజూచునప్పుడు చేతులు దానికి అడ్డము రాగూడదన్నదే పై శాస్త్రమునుండి నేర్వదగిన మొదటి పాఠము. క్రొత్తవాడు భయమువలన హ్యాండిలును బిగించి పట్టుకొనును; భుజములు చెవులవరకు లేచును; మోచేతులు కఱ్ఱలగును; అప్పుడు రోడ్డులోని ప్రతి చిన్న ఎత్తును చేతులగుండ దేహమునకు, దేహపు ప్రతి కదలికయు చేతులగుండ చక్రమునకు చేరి, యంత్రము తడబడును. నీళ్ళ బిందెను నెత్తినబెట్టుకొని ఏటి గట్టెక్కి వచ్చు స్త్రీ మెడ బిగింపదు, బిందెవైపు చూడదు, నడకలోని ఊపును నడుము దగ్గరనే అణచివేయును. సైకిలుపై నుండవలసిన తీరును అదియే. భారము పిరుదులపైనను పెడళ్ళపైనను ఉండవలెను, చేతులు హ్యాండిలుపై విశ్రమింపవలెను, మోచేతులు కొంచెము వంగియుండవలెను. రోడ్డు సైకిలులో దేహము ముందుకు వాలియుండుటచేత ఇది కష్టతరము. నడుము, పొట్ట కండరములకు బలము లేనివారు తెలియకయే చేతులపై వ్రాలుదురు. హ్యాండిలుపై వ్రేళ్ళను ఆడింపగలుగుచున్నాడా లేదా యన్నదే సవారికి సులభమైన పరీక్ష.

రెండవ పాఠము మెల్లదనము. సంక్రాంతి దినములలో మన పల్లెలలోను, పాఠశాలల వార్షికోత్సవములలోను జరుగు స్లో సైకిల్ పందెమును చూడనివారుండరు. అందరికంటె చివరకు గీత చేరినవాడు గెలుచును. కాలు నేల మోపినవాడు, గీత దాటి ప్రక్కవాని దారిలోకి పోయినవాడు ఓడును. దీనిని మనము వినోదముగా మాత్రమే పరిగణించితిమి. కాని పాశ్చాత్య శిక్షకులు స్వాధీనవిద్యకు ప్రథమసోపానముగా బోధించు అభ్యాసము సరిగా ఇదియే; పందెపుబాటయైన వెలోడ్రోములో పందెగాండ్రు ఒకరి వెనుక ఒకరు నిలువజూచి సైకిలును కదలక నిలిపియుంచు విద్య దీని పరాకాష్ఠ. వేగముగా పోవునప్పుడు సైకిలు తన్ను తాను చాలవరకు నిలుపుకొనును. మెల్లగా పోవునప్పుడు ఆ సాయము తప్పిపోయి, లోపములన్నియు బయటపడును. పందెములో గెలుచు బాలుని దగ్గరనుండి గమనింపుడు: వాని చూపు ముందు చక్రముపై నుండదు, పది పన్నెండు గజముల దూరములో ఒకచోట నిలిచియుండును, వెనుక బ్రేకును లేశముగా పట్టియుంచి, ఆ నిరోధమునకు ఎదురుగా పెడలును ఎడతెగక నొక్కుచుండును, హ్యాండిలు ఇటునటు చిన్నచిన్నగా కదలుచుండును గాని నడుము కదలదు. బ్రేకు, పెడలు, చూపు, తుల్యత అను నాలుగింటిని ఏకకాలమున నడపుట ఇచట గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగముతో, పడినను నొప్పి తగులని రీతిలో అభ్యసింపబడుచున్నది. ఒకప్పుడు ఊరిమధ్య ఖాళీస్థలములో గుండ్రముగా రోజులకొలది దిగక సైకిలు తొక్కుచు, దానిపైనే తిని, స్నానమాడి, బట్టలు మార్చుకొను సైకిలువాండ్ర ప్రదర్శనలు జరిగెడివి. ఒంటిచేతితో చెంబెత్తి నీళ్ళు పోసికొనుచు అదే వలయములో పోగలిగిన ఆ మనుష్యుని నేర్పులో పదవ వంతు ఉన్నను, నేటి సవారి నీళ్ళసీసా తీయుటకు వంగి ప్రక్క లారీ దారిలోనికి తూలడు.

ఈ సీసా విషయము చిన్నదిగా తోచును గాని, రోడ్డుపై అది ప్రతి పావుగంటకు వచ్చు పరీక్ష. ఒక చేయి తీసినంతనే రెండవ చేయి హ్యాండిలును తనవైపునకు లాగును. కనుక మిగిలిన చేతిని హ్యాండిలు నడిమికి జరిపి, ఆ తరువాతనే సీసా తీయవలెను. తీయునప్పుడు చూపు దారిపైనుండి తొలగరాదు. వెనుకకు తిరిగి చూచుట ఇంకను కష్టము: తల తిరిగినంతనే భుజము, భుజము తిరిగినంతనే హ్యాండిలు తిరుగును. మైదానములో సుద్దగీత గీచి, దానిపై పోవుచు వెనుక నిలిచినవాడు చూపిన వ్రేళ్ళెన్నో చెప్పుట దీనికి చక్కని అభ్యాసము. వెనుకచూపు లేనివాడు కుడికి తిరుగుట, గుంత తప్పించుట, నిలిచియున్న ఆటోను దాటుట అన్నియు అదృష్టముపై భారము వేసి చేయుచున్నాడన్నమాట.

చూపును గురించి ఇంకొకమాట. మనము దేనిని చూచుచుందుమో సైకిలు అచటికే పోవును. రాతిని తప్పింపదలచి రాతినే చూచువాడు రాతినే గుద్దుకొనును. భయము చూపును అపాయమువైపునకు లాగును. దానిని బలవంతముగా ఖాళీ దారివైపునకు మరల్చుట అభ్యాసమువలననే సాధ్యము. వేగము గంటకు ముప్పది ఆరు కిలోమీటర్లయినచో సెకనుకు పది మీటర్ల దారి గడచును. మూడు సెకనుల దూరమునకైన చూపు ముందుండవలెననగా ముప్పది మీటర్లు. చక్రము ముందటి నేలను చూచుచు తొక్కువానికి కనబడిన గుంత తప్పింపదగిన గుంత కాదు.

బ్రేకుల విషయములో మనదేశమున వ్యాపించిన దురభిప్రాయము మిక్కిలి హానికరమైనది. ముందు బ్రేకు పట్టిన సైకిలు తలక్రిందులగునని తండ్రులు బిడ్డలకు బోధించిరి. బిడ్డలు జీవితాంతము వెనుక బ్రేకుతోనే కాలము గడపిరి. పూర్వపు నల్లని సైకిళ్ళకు ఇనుప కడ్డీలతో పనిచేయు బ్రేకులును, మెరుగు పూసిన ఉక్కు రిమ్ములును ఉండెడివి. వానలో అవి పట్టుట యటుంచి, పట్టునన్న ఆశయే యుండెడిది కాదు. అట్టి యంత్రముపై ఆ బోధ పెద్దగా చెరుపు చేయలేదు. నేటి సైకిలుపై అది ప్రాణాంతకము. బ్రేకు పట్టినంతనే భారము ముందు చక్రముమీదికి జరుగును, వెనుక చక్రము తేలికయగును. తేలికయైన చక్రము నేలను పట్టజాలక జారును. మంచి పొడి రోడ్డుపై ముందు బ్రేకును నేర్పుగా వాడినచో భూమ్యాకర్షణలో సగమునకు పైగా నిరోధమును పొందవచ్చును. వెనుక బ్రేకుతో మాత్రమే దానిలో సగము దొరకుట కష్టము. ఇది లెక్కలో పెట్టి చూతము. గంటకు ముప్పది ఆరు కిలోమీటర్ల వేగముతో పోవుచు ముందు బ్రేకుతో నిలిచినవానికి సుమారు పది మీటర్లు పట్టును, వెనుక బ్రేకునే నమ్మినవానికి ఇరువది. ఆపద కనబడి చేయి కదలులోపల గడచు పది మీటర్లను రెండింటికిని కలుపవలెను. ఆ తేడాలో ఒక ఎద్దులబండి నిలువునా పట్టును.

తలక్రిందులగుట అసత్యమా యన్నచో, కాదు. బ్రేకును ఒక్కసారిగా గ్రుంజి పట్టుటయు, చేతులు సడలి దేహము ముందుకు విసరబడుటయు కలిసినప్పుడు అది జరుగును. కనుక పిరుదులను సీటు వెనుకకు జరిపి, దేహమును క్రిందికి దించి, పెడళ్ళను నేలకు సమముగా నిలిపి, ముందు బ్రేకును మెల్లగా మొదలిడి క్రమముగా బిగించుచు, వెనుక చక్రము జారిన చప్పుడు వినినంతనే ముందు బ్రేకును కొంచెము సడలింపవలెను. వెనుక చక్రము ఇచట నిలుపుసాధనము మాత్రమే కాదు, హెచ్చరిక కూడ. ఇసుకపైన, తడి రాళ్ళపైన, మలుపు నడుమ ఈ న్యాయము మారును. అచట ముందు చక్రము జారినచో లేచు అవకాశము లేదు. మనదేశమున సాధారణముగా కుడిచేతి పిడి ముందు బ్రేకునకు, ఎడమచేతిది వెనుక బ్రేకునకు కట్టబడును. అమెరికాలో ఇది తారుమారు. ఎరువు తెచ్చిన సైకిలునెక్కుటకు ముందు ఏ చేయి ఏ చక్రమును పట్టునో నెట్టి చూచుకొనుట రెండు క్షణముల పని.

ఇక మలుపులు. వేగమును మలుపు వ్యాసార్ధమును తెలిసినచో ఒరుగవలసిన కోణము గణితముచేత నిర్ణయింపబడియే యున్నది. ఇరువది మీటర్ల వ్యాసార్ధముగల మలుపును గంటకు పదునెనిమిది కిలోమీటర్లతో తిరుగువాడు ఏడు డిగ్రీలు ఒరిగిన చాలును. వేగమును రెట్టింపు చేసినవాడు ఇరువదియేడు డిగ్రీలు ఒరుగవలెను. వేగము రెండింతలైన టైరు మోయవలసిన ప్రక్కతాకిడి నాలుగింతలగును. అందుచేతనే బ్రేకు పని మలుపునకు ముందే ముగియవలెనని అందరును ఏకకంఠముగా చెప్పుదురు. తరువాత వెలుపలి పెడలును క్రిందికి దించి దానిపై బరువుమోపి, చేతులను హ్యాండిలు క్రిందివంపులో నుంచి, గడ్డమును మలుపు ముగియుచోటికి త్రిప్పి, లోపలి చేతితో హ్యాండిలును సన్నగా ముందుకు నొక్కినచో సైకిలు దానంతట అదియే ఒరుగును. ఈ నొక్కుటయే రాంకిన్ వ్రాసినదియు, విల్బర్ రైట్ అడిగిన ప్రశ్నకు ఉత్తరమును. మలుపు ఊహించినదానికంటె బిగుసుకొన్నచో భీతుడు బ్రేకు పట్టి నిటారుగా లేచి రోడ్డు వెలుపలికి పోవును. తెలిసినవాడు ఇంకను కొంచెము నొక్కును. అరకు పోవు ఘాటురోడ్డులో దిగుచున్నవానికి ఎదురుగా బస్సు సగము రోడ్డు నాక్రమించి వచ్చుచుండును. కనుక పందెపు రోడ్డుపై వలె వెలుపలి అంచునుండి లోపలి అంచునకు కోసి పోవు గీత ఇచట చెల్లదు. కనబడినంత దారిలో ఆగగలిగిన వేగమే, తన ఎడమ సగములో ఇమిడిన గీతయే మన ఘాట్లకు తగినవి.

పందెపు ప్రపంచమునందు దిగుడువిద్య ప్రత్యేకశాఖగా వర్ధిల్లినది. 2013 టూర్ ద ఫ్రాన్సులో దిగుళ్ళయందు తనకు వేగభయము కలుగుచున్నదని బహిరంగముగా చెప్పిన పందెగాడు తిబో పినో, అటుపిమ్మట మోటారుకారును వేగముగా నడపు శిక్షణ కూడ పొంది, మరుసటి సంవత్సరమే ఆ పందెములో మూడవ స్థానము నార్జించెను. స్వాధీనము పుట్టుకతో వచ్చునది, లేనివానికి రాదు అనువారికి ఇదియే సమాధానము. 2022లో అదే పందెమున గలిబియే కొండ దిగుడునందు ముందువారిని కలిసికొని అదే దినమున ఆల్ప్ ద్యూయె శిఖరముపై గెలిచిన టామ్ పిడ్‌కాక్, బురదలోను రాళ్ళలోను జరుగు సైక్లోక్రాసు, మౌంటెను సైకిలు పందెములలో పెరిగినవాడు. నేటి ప్రసిద్ధ సవారులైన వాండర్‌పుల్, వాన్ ఆర్ట్, మరియాన్ వోస్ కూడ బురదలోనే చేయి తిరిగినవారు. జారుట నిత్యకృత్యమైన చోట అభ్యసించినవానికి రోడ్డుపై జారుట అపూర్వానుభవము కాదు. ఇంకొకవైపు, సీటు దిగి బారుపై కూర్చుండి దిగు భంగిమను అపాయకరమని అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2021 ఏప్రిలునుండి నిషేధించినది. ఆ నిషేధము ఉచితమేయని నా అభిప్రాయము.

2003 జూలై 14న టూర్ ద ఫ్రాన్సు పందెమున గాప్ పట్టణ సమీపమున జరిగిన దుర్ఘటన మనకు ప్రత్యేకముగా విచారింపదగినది. ఆనాటి ఎండకు రోడ్డుమీది తారు కరగియుండెను. దిగుచున్న హోసెబా బెలోకి బ్రేకు పట్టగా వెనుక చక్రము జారి, తిరిగి నేలనంటి, అతనిని విసరివేసినది. తొడ ఎముక, మోచేయి, మణికట్టు విరిగినవి. వెనుకనే వచ్చుచున్న ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రక్కనున్న పొలములోనికి దిగి, దానిని అడ్డముగా దాటి, సైకిలు నెత్తుకొని మరల రోడ్డెక్కెను. అతని పందెపు చరిత్రపై తరువాత పడిన మచ్చ మరువరానిది, అతని గెలుపులు రద్దయినవి. కాని ఆ రెండు క్షణములలో పడినవానిని చూడక ఖాళీ పొలమును చూచిన చూపు స్వాధీనవిద్యకు దృష్టాంతమే. కరగిన తారు ఫ్రాన్సులో ఏ వేసవికో ఒకసారి కనబడు వింత; రామగుండములోను, రెంటచింతలలోను వైశాఖ జ్యేష్ఠమాసముల మధ్యాహ్నములందు అది సర్వసాధారణము.

ఇక్కడనే పాశ్చాత్య గ్రంథములు మనలను విడిచిపెట్టును. మన రోడ్ల పాఠములను మనమే వ్రాసికొనవలెను. కోతలైన దినములలో పల్లె రోడ్డుపై సగమునకు వడ్లో మొక్కజొన్నలో ఆరబోసియుండును. వాహనములు ఎక్కకుండ అంచునపొడుగునా రాళ్ళు పేర్చుదురు. రాత్రి వడ్లపై నల్లని పట్టా కప్పుదురు. కల్లములు లేని రైతును నిందించుట తగదు, కాని గింజలపై ఒరిగిన టైరు నిలువదు. అచట హ్యాండిలు త్రిప్పక, బ్రేకు ముట్టక, నిటారుగా దాటిపోవలెను. దీపము లేనివాడు రాత్రి ఆ దారిని పోనేరాదు. తొలకరి చినుకులు పడిన మొదటి గంటలో రోడ్డు, నెలల తరబడి పేరుకొన్న నూనెయు ధూళియు నీటితో కలియుటచేత, ఆ తరువాతి కుంభవృష్టిలోకంటె ఎక్కువ జారును. రైలుగేటు దగ్గర పట్టాలు రోడ్డును ఏటవాలుగా కోసినచో, వెనుక చూచుకొని, ప్రక్కకు జరిగి, పట్టాలకు అడ్డముగా దాటవలెను. స్పీడు బ్రేకరు నియమగ్రంథము ననుసరించి పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండవలసినది. ఊరివారు తామే పోసికొన్నది ఎంత ఎత్తైన నుండవచ్చును. దానికి ముందే వేగము తగ్గించి, బ్రేకు వదలి, పెడళ్ళపై కొంచెము లేచి, మోకాళ్ళను మోచేతులను సడలించి, యంత్రమును తన క్రింద ఎగిరి దిగనీయవలెను. సీటుపై బరువుగా కూర్చుండి బ్రేకు పట్టియే దానినెక్కువానికి రిమ్మును, నడుమును రెండును చెడును.

అన్నిటికంటె ఎక్కువ మోసపుచ్చునది తారు అంచు. తారు మీద తారు పరచినకొలది రోడ్డు లేచి, ప్రక్క మన్ను వానకు కోసికొనిపోయి, రెండింటికి నడుమ జానెడు కాకున్నను బెత్తెడు గట్టు ఏర్పడియుండును. లారీ హారనుకు బెదరి మన్నులోనికి దిగినవాడు వెంటనే ఎక్కవలెనన్న తొందరలో గట్టువెంబడి ఏటవాలుగా చక్రమును నెట్టును. ముందు చక్రము గట్టు నెక్కక దాని ప్రక్కనే ఒరసికొని పోవును. దేహము మాత్రము రోడ్డు మీదికి, అనగా వెనుక వాహనము ముందునకు పడును. చేయవలసినది మూడు పనులు: మన్నులోనే వేగము తగ్గించుట, వెనుక చూచుకొనుట, గట్టునకు సాధ్యమైనంత అడ్డముగా తిరిగి ముందు చక్రమును తేలికచేసి ఎక్కుట. ఎక్కలేననుకొన్నచో దిగి నడచుటలో లజ్జ లేదు. పాఠశాల అరుగుమెట్టు దగ్గర, మెల్లని వేగముతో, దీనిని ఎవరైన అభ్యసింపవచ్చును.

గుంపులో తొక్కుట వేరొక ప్రకరణము. ముందువాని నీడలో పోవువానికి గాలితో పోరాటము చాలవరకు తగ్గును. ఆ లోభమే క్రొత్తవానిని ముందువాని వెనుక చక్రమునకు మరీ సమీపమునకు లాగును. తన ముందు చక్రము ముందువాని వెనుక చక్రము ప్రక్కకు చొచ్చుకొని పోరాదు; అవి రాచుకొన్నచో పడువాడు ఎల్లప్పుడు వెనుకవాడే, అతని వెనుక పడువారు ఎందరో. లేచి తొక్కునప్పుడు సైకిలు అడుగు దూరము వెనుకకు తగ్గునని ముందువాడు ఎరిగియుండవలెను. గుంతను చేతితో చూపుట, ఆగుదునని కేకవేయుట మర్యాదలు కావు, విధులు. ఆంగ్లదేశములోను అమెరికాలోను కొందరు శిక్షకులు గడ్డిమైదానములో మెల్లగా పోవుచు భుజము భుజము తాకించి, చక్రము చక్రము రాచి, బెదరక నిలద్రొక్కుకొనుట నేర్పుదురు. ఇది మొరటుగా తోచినను మిక్కిలి ఫలప్రదము.

యంత్రవాదమునకు న్యాయము చేయుటకై కొన్ని వాక్యములు. ఇరువదిమూడు మిల్లీమీటర్ల టైరునందు రాయివలె గాలి నింపు కాలము పోయి, ఇరువదియెనిమిది, ముప్పది మిల్లీమీటర్ల టైర్లు తక్కువ గాలితో వచ్చుటవలన పట్టు పెరిగినది. డిస్కు బ్రేకులు వానలో నమ్మదగినవి. ఎత్తు సరిగాలేని సీటు, చేతికి అందని బ్రేకుపిడి ఎంత నేర్పునైన పాడుచేయును. పూర్వపు సైకిలులో ముందు ఫోర్కు ఎక్కువ వాలుగా నుండి చక్రము బద్ధకముగా తిరిగెడిది. రోడ్డు సైకిలులో అది నిటారుగా నుండి చిటికెన వ్రేలికే తిరుగును. నలువదేండ్ల అలవాటును నమ్ముకొని మొదటి దినమే దానిపై వేగముగా పోజూచుట అవివేకము. యంత్రము హద్దును దూరముగా జరుపగలదు. హద్దు ఎచటనున్నదో మాత్రము చెప్పజాలదు.

బోధనాపద్ధతులను చూచినచో, బ్రిటనులో ప్రమాదనివారణ సంఘము 1947లో ఆరంభించిన సైకిలు పరీక్ష 1958లో దేశవ్యాప్తమైనది. 2007లో దాని స్థానమున బైకబిలిటీ వచ్చినది. అందులో మొదటి అంతస్తు మైదానములో, రెండవది సందడిలేని వీథులలో, మూడవది రద్దీ రోడ్లపై. నెదర్లాండ్సులో ప్రాథమికవిద్య ముగియు వయసులోనే పిల్లలు వీథిలో తొక్కి చూపి పరీక్ష నెగ్గుదురు. అమెరికాలో జాన్ ఫారెస్టర్ 1976లో ప్రకటించిన గ్రంథము పెద్దలకు అత్యవసరపు నిలుపు, రాతిని తప్పించు కుదుపు, తక్షణపు మలుపు అను విన్యాసములను బోధించినది. సైకిలుకు వేరుదారి వలదన్న ఆయన మొండితనముతో నేను ఏకీభవింపను గాని, ఆ విన్యాసములకు సాటి లేదు. పసివారి విషయములో ప్రక్కచక్రములను తీసివేసి, పెడళ్ళు లేని చిన్నబండిపై కాళ్ళతో తన్నుకొనుచు ముందు తుల్యతను నేర్పు పద్ధతి నేడు వ్యాపించినది. రెండు శతాబ్దముల క్రిందటి డ్రైస్ యంత్రమే ఇది. ప్రక్కచక్రముల బండి ఒరుగదు. ఒరుగని దానిపై ఒరుగుట నేర్చుకొనుట ఎట్లు?

శిక్షణవలన ప్రమాదములు నిజముగా తగ్గునా యని ప్రశ్నించువారి సందేహము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. బాలుర శిక్షణపై జరిగిన పరిశీలనలలో జ్ఞానము పెరిగినట్లు స్పష్టముగా తేలినను, గాయములు తగ్గినవని అంత స్పష్టముగా తేలలేదు. ఇందుకు కారణములు ఊహింపవచ్చును: గాయములలో పెక్కింటికి మోటారు వాహనములును రోడ్డు నిర్మాణమును కారణములు, మరియు నేర్పు ధైర్యమును, ధైర్యము వేగమును పెంచును. అందుచేత స్వాధీనశిక్షణ మంచి రోడ్లకు ప్రత్యామ్నాయమని ఏ ప్రభుత్వమును తప్పించుకొనరాదు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో సౌరఫలకముల నీడతో వెలసిన ఇరువదిమూడు కిలోమీటర్ల సైకిలుదారి వంటివి ఇంకను కావలెను. అయితే గుంత, తడి, గట్టు, ముందువాని చక్రము – వీనివలన తమంత తాము పడువారు కలరు; వారి పాటు శిక్షణ చేతిలో నున్నది.

మన సైకిలు సంఘములు చేయదగిన పని కష్టమైనది కాదు. నూరు కిలోమీటర్ల ఆదివారపు యాత్రకు క్రొత్తవానిని పిలుచుటకు ముందు, ఏదైన పాఠశాల మైదానములో నాలుగు వారములు, వారమునకొక అరగంట, తెలిసినవారొకరు అతనితో నిలువవలెను. మొదటివారము స్లో సైకిల్ పందెమును, ఎనిమిది అంకెలో తిరుగుటయు. రెండవవారము గీతపై వెనుకచూపు, సీసా తీసి పెట్టుట. మూడవవారము సుద్దగీత దగ్గర నిలుచుట, ప్రతిసారి కొంచెము ఎక్కువ వేగముతో, ముందు బ్రేకు పట్టును చేతులకు తెలియనిచ్చుచు. నాలుగవవారము తక్షణపు మలుపు, అరుగుమెట్టు, ఒకరి ప్రక్కనొకరు తొక్కుట. గీతనుండి తొలగక వెనుకనున్నవాని వ్రేళ్ళను లెక్కపెట్టలేనివానిని, అతని కాళ్ళ బలమెంతదైనను, గుంపు నడుమకు రానీయరాదు. అతడు చివరన, నాలుగు బారల దూరములో తొక్కవలెను. బలవంతులైన యువకులు దీనికి నొచ్చుకొందురు. నొచ్చుకొన్నవానికి నాయకుడు నచ్చజెప్పి, ఆ ఆదివారము తానును అతనితో చివరనే తొక్కవలెను.